రెండో టీసీ

ఇరవై రెండేళ్ళుగా డిగ్రీ కాలేజీలో ఉంటున్నానని చెబితే జనం నన్ను ఒకసారి తలెత్తి చూస్తారు. గేటు బయట, జిరాక్సు మిషను వెనకాల, అని చెప్పేదాకా ఆ మర్యాద నిలబడుతుంది. అందుకే ఆ రెండో ముక్క కొంచెం ఆలస్యంగా చెబుతుంటాను. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. లెక్కల సారు మీద నేను కట్టిన పాట ఆయన చెవినే పడింది. హెడ్మాస్టరు నాకు టీసీ రాసిచ్చి, ప్రవర్తన అన్న చోట 'సంతృప్తికరం' అని పెట్టాడు. నేను పోతున్నందుకు ఆయనకు కలిగిన సంతృప్తి అది.

అది నా మొదటి టీసీ. రెండో టీసీ కాగితం కాదు, మనిషి.

పోయిన వారం కేసముద్రం నుంచి దడ్వాయి అన్న హన్మకొండలోని నా దుకాణానికి వచ్చాడు. అక్కడి మార్కెట్ యార్డులో బస్తాలు కాంటా పెట్టి తూకం చెప్పే దడ్వాయి పని ఆయనది. చేతి సంచిలో నాలుగు మక్కకంకులు. దుకాణమంతా కలియజూసి, "టీసీ సాబ్ ఏడి తమ్మీ?" అన్నాడు.

టీసీ సాబ్ చలికాలంలోనే పోయాడన్న సంగతి ఆయనకు తెలియదు. చెప్పాను. ఆయన షట్టరు పక్కనున్న ఖాళీ జాగా వైపు చాలాసేపు చూశాడు. అక్కడ కుర్చీ లేదు. ఎప్పుడూ లేదు. టీసీ సాబ్ కూర్చునేవాడు కాదు.

నలభై ఏళ్ళు రైల్లో టికెట్లు చూస్తూ, నడిచే బండిలో నిలబడ్డ మనిషి. కదలని దుకాణంలో ఎట్లా నిలబడాలో ఆయనకు చివరిదాకా పట్టుబడలేదు. ఎడమ చెయ్యి ఎత్తి షట్టరు కొక్కెం పట్టుకునేవాడు, కాళ్ళు ఎడంగా పెట్టేవాడు, సన్నగా ఊగుతూ మాట్లాడేవాడు. బయట లారీ పోయి నేల అదిరితే మాత్రం హాయిగా కనిపించేవాడు. కాజీపేటలో ఇల్లు. రిటైరయ్యాక పింఛను కాగితాలు జిరాక్సు తీయించుకోవడానికి ఒకరోజు నా దగ్గరికి వచ్చాడు. ఆ కాగితాల పని అరగంటలో అయిపోయింది. ఆయన మాత్రం తొమ్మిదేళ్ళు ఉండిపోయాడు.

చెవి మీద ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం ఉన్న పెన్సిల్ ఉండేది. చేతికి ఏ కాగితం వచ్చినా దాని మీద ఏటవాలుగా ఒక టిక్కు కొట్టాల్సిందే. పెళ్ళిపత్రిక ఇస్తే పెళ్ళికూతురి పేరు పక్కన టిక్కు. నా కరెంటు బిల్లు మీద టిక్కు. ఒకసారి నా ఇడ్లీ పొట్లం మీద కూడా. టిక్కు పడిందంటే ఆ వస్తువు తన సీట్లో తాను కూర్చుందని ఆయనకు నిమ్మళం.

ఏటా ఇంటర్ ఫలితాలు రాగానే నా దుకాణం ముందు పిల్లలు మూగుతారు. ఫారాలు నింపించుకోవడం వంక. అసలు ప్రశ్న ఒకటే: ఏ కాలేజీలో చేరితే పెద్ద జీతం వస్తుంది? మొదట్లో అందరూ సాఫ్ట్‌వేర్ అనేవాళ్ళు. కొన్నేళ్ళ నుంచి కామర్స్ పిల్లలు ధైర్యం చేసి, "ఫైనాన్స్‌ల మంచి నౌకరి కావాలంటే యాడ చదవాలె అన్నా?" అని అడుగుతున్నారు. ఎనిమిదో తరగతి వాణ్ణి అడిగే ప్రశ్నేనా అది? నేను షట్టరు వైపు చెయ్యి చూపించేవాణ్ణి.

"ఐడీ ప్రూఫ్?" అనేవాడు టీసీ సాబ్ మొదట.

పిల్లలు బిత్తరపోయి ఆధార్ కార్డు తీసేవాళ్ళు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చి, అప్పుడు మాట మొదలుపెట్టేవాడు. ఎవరైనా ఫోన్లో కాలేజీల జాబితా చూపిస్తే మాత్రం ఆయనకు నచ్చదు.

"ఈ ప్యాకేజీల లెక్క ఎవరిచ్చిన్రు బేటా?"

"కాలేజోళ్ళే ఇస్తరు సాబ్."

"ఎవని బండికి వాడే అనౌన్స్ చేసుకుంటే ఎప్పటికీ రైట్ టైమే ఉంటది."

ఆయన పద్ధతి వేరు. ఉత్తరానికి పోయే పెద్ద బండ్లలో బల్లార్షా దాకా పోయి తిరుగు బండిలో రావడం ఆయన డ్యూటీ. ఫస్ట్ ఏసీలో టికెట్ చూశాక పెన్సిల్ చేత పట్టుకొని, "సార్, డిగ్రీ ఎక్కడ?" అని అడిగేవాడు. అదేదో కొత్త రూలు అనుకొని పెద్ద పెద్ద బ్యాంకుల వాళ్ళు, షేర్ల వాళ్ళు, కంపెనీలు కొనే అమ్మే వాళ్ళు బుద్ధిగా జవాబు చెప్పేవాళ్ళట. ఎందుకని అడిగినవాళ్ళకు "ఫార్మాలిటీ" అనేవాడు. రైలు డబ్బా తలుపు పక్కన అంటించి, ప్రయాణం అయ్యాక చించి పారేసే చార్టులుంటాయి కదా, వాటి వెనకాల ఈ జవాబులు రాసుకునేవాడు.

కాలేజీ పేరు మాత్రం ఎన్నడూ పలకలేదు. ఏ కాలేజీకి పోవాలంటే ఏ స్టేషన్లో దిగాలో అదే ఆయనకు దాని పేరు. "నిజాముద్దీన్ల దిగేది" అంటే ఢిల్లీలో కామర్స్‌కు పేరు పడ్డది. "హౌరాల దిగేది" అంటే కలకత్తాలో లెక్కలు, గణాంకాలు నేర్పేది. "అహ్మదాబాద్ల దిగేది" డిగ్రీ అయినంక పరీక్ష రాసి పోవాల్సింది. మొదటి ఏడు నాకిది తెలియక, ఒక పిల్లవాడి కోసం కాలేజీ పేరున్న గడిలో 'నిజాముద్దీన్' అని కొట్టి వెతికాను. కంప్యూటరు నాకు దర్గాకు దారి, కబాబులు దొరికే హోటళ్ళు చూపించింది.

"సాబ్, ఈ కాలేజీల సీటు దొరకకున్నా మంచిదే, కడుపు నిండుతది," అన్నాను.

"నీ అసుంటోడు ఎనిమిది దాకా ఎట్ల పోయిండు మియా?" అన్నాడాయన, నిజంగా ఆశ్చర్యపడుతూ.

అంత దూరం పోలేని పిల్లలుంటారు కదా. ఇంట్లో ఒప్పుకోరు, మార్కులు చాలవు. వాళ్ళు తల వేలాడేస్తే ఆయన గొంతు మారేది. "అరే, ఇక్కడ ఈ గేటు లోపల బీకాం చదువు. సీఏ రాయి. లేకుంటే డిగ్రీ అయినంక ఎంబీఏ పరీక్ష రాయి. ప్యాసింజర్ల కూసున్నోడు సుత ఢిల్లీ చేరుతడు. జర లేటు, జర నడుం నొప్పి. కని యాడ బండి మారాలెనో తెల్వాలె. నిద్రపోతే మాత్రం ఉల్టా డోర్నకల్ల తేల్తవ్." సీటు రాలేదని ఏడ్చే పిల్లకు ఆయన చెప్పేది ఒకటే: "వెయిటింగ్ లిస్ట్ అంటే లేదని కాదు బేటీ. చార్టు ఇంకా కాలేదని."

దడ్వాయి అన్న బిడ్డ మా దగ్గరికి వచ్చింది మూడేళ్ళ కింద. సన్నటి పిల్ల, తక్కువ మాట. ఇంటర్ ఇక్కడే హాస్టల్లో ఉండి చదివింది. ఆమె ఐడీ చూసి, మార్కులు చూసి, టీసీ సాబ్ కొక్కెం వదిలేసి రెండు చేతులతో మెమో పట్టుకున్నాడు. అట్లా ఆయన నిలబడటం నేను అంతకు ముందు చూడలేదు. ఆ ఎండాకాలమంతా వెంటబడి చదివించి ఆమెతో ప్రవేశ పరీక్ష రాయించాడు. వానలు మొదలయ్యాక సీటు వచ్చింది. నిజాముద్దీన్ల దిగేది. మా గేటు ముందు నుంచి ఆ స్టేషనుకు టికెట్ తెగడం అదే మొదలు.

సీటు ఒప్పుకుంటున్నట్టు శనివారం సాయంత్రం ఐదింటిలోపు ఒక బటన్ నొక్కాలి. లేకపోతే ఇంకొకరికి పోతుంది. శుక్రవారం మధ్యాహ్నం తండ్రీబిడ్డలు వచ్చారు. టీసీ సాబ్ నమాజుకు బయల్దేరుతూ, "నేనొచ్చేదాక ఏం నొక్కకు. ఏం మాట్లాడకు కూడా," అన్నాడు నాతో. మొదటిది విన్నాను.

దడ్వాయి అన్న స్క్రీను వైపు భయంగా చూసి, "ఇది చదివితే ఏమైతది తమ్మీ?" అన్నాడు.

"ఫైనాన్స్‌ల పెద్ద నౌకరి అన్నా!"

"ఫైనాన్సా?"

మనవైపు ఆ మాటకు అర్థం వేరే ఉందని నాకు తెలియక కాదు. ఫైనాన్సోళ్ళు అంటే కిస్తీ ఆగితే వచ్చి బండి గుంజుకపోయేవాళ్ళు. ఆయన మొహం మారడం చూశాను. మొహం మారిందంటే జోకు పడాల్సిన సమయం వచ్చిందని నా నాలుక అనుకుంటుంది. "ఔ మరి! ఇగ నీ బిడ్డ చిటికేస్తే ఎవని బండన్న గుంజుకరావచ్చు," అన్నాను.

ఆయన నవ్వలేదు. టేబుల్ మీది సర్టిఫికెట్లు ఒక్కొక్కటే కవర్లో పెట్టాడు. "మా ట్రాలీ ఆటోను యార్డుల అందరి ముంగట గుంజుకపోయిన్రు తమ్మీ. ఆనాడు ఈ పిల్ల ఆ ఆటోలనే కూసోనుండె. దింపి మరీ పోయిన్రు," అన్నాడు. అరిచి అన్నా బాగుండేది. మామూలుగా చెప్పాడు. "నడువు బిడ్డా. ఆ పని మనకద్దు. టీచర్ ట్రైనింగ్ చేద్దువు తియ్యి."

ఆ పిల్ల జిరాక్సు మిషను దగ్గర ఒక్క క్షణం ఆగి, తండ్రి వెంట వెళ్ళిపోయింది.

టీసీ సాబ్ టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. జరిగింది చెప్పాను. నన్ను తిట్టలేదు. "నువ్వు జోకు చేసినవ్. ఆ పిల్ల బండి దిగింది," అని ఊరుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక మిషను మూత ఎత్తాను. అద్దం మీద ఆ పిల్ల పదో తరగతి మెమో, బోర్లా పడి ఉంది. ఒరిజినల్.

మా వ్యాపారంలో ఇది రోజూ ఉండేదే. నకళ్ళు భద్రంగా పట్టుకపోయి అసలును అద్దం మీద మరిచిపోతారు. "పాపం, మర్చిపోయింది సాబ్," అన్నాను.

ఆయన ఆ మెమో చేతిలోకి తీసుకొని చూశాడు. చెవి మీది పెన్సిల్ ముట్టుకోలేదు. "బ్యాగు మర్చిపోయేటోళ్ళు వేరే ఉంటరు. సీటు మీద దస్తీ ఏసి నీళ్ళకు దిగేటోళ్ళు వేరే ఉంటరు. నేను ఇద్దర్ని చూసిన," అన్నాడు. "రేపు పొద్దుగాల కాజీపేటకు రా. ఒరిజినల్ ఇచ్చొద్దాం."

శనివారం పొద్దున కేసముద్రం పోయే ప్యాసింజరు. ఆయన కౌంటరు దగ్గర వరుసలో నిలబడి ఇద్దరికీ టికెట్ తీసుకున్నాడు. బండిలో టీసీ కుర్రవాడొకడు ఎదురై, "సలాం సాబ్! మీకు టికెట్ ఎందుకు సాబ్!" అంటూ దాటిపోబోతే, చెయ్యి పట్టి ఆపి టికెట్ చూపించి, "చూడు. టిక్కు కొట్టు," అన్నాడు. వాడు కొట్టాడు. ఈయన ఆ టిక్కు వంకర చూసి మొహం చిట్లించాడు. బండి నిండా ఖాళీ సీట్లు. ఇద్దరం తలుపు దగ్గర నిలబడే పోయాం.

"ఎందుకు సాబ్ మీకు ఈ ఫికరు?" అని అడిగాను. నెక్కొండ దాటుతున్నాం.

"ఇంటర్ అయినంక నాకూ కామర్స్ సీటు కన్ఫర్మ్ అయింది, పట్నంల. అంతల మా అబ్బా రైల్వే డ్యూటీల ఉండంగనే సచ్చిపోయిండు. ఆయన నౌకరి నాకిచ్చిన్రు. చేరిన." కాసేపు ఊగాడు. "ఫికర్ ఏమ్లే. అటెన్క నలభై ఏండ్లు మందిని ఎవని సీట్ల వాణ్ణి కూసోబెట్టిన. మంచిగనే ఉండె."

అది ఓదార్పు కోసం అన్న మాట కాదు. మొహం నిజంగానే మంచిగుంది.

సీజను కాదు కనుక యార్డు సగం ఖాళీగా ఉంది. ఒక మూల మక్కల బస్తాలు, వాటి పక్కన కాంటా, కాంటా పక్కన దడ్వాయి అన్న. చెట్టు కింద బండ మీద ఆయన బిడ్డ, ఒడిలో టిఫిన్ డబ్బా. మమ్మల్ని చూసి లేచి నిలబడింది కానీ ఆశ్చర్యపడలేదు. దస్తీ సంగతి అప్పుడు నాకు అర్థమైంది.

టీసీ సాబ్ మెమో తండ్రి చేతికిచ్చి, నా వైపు తిరిగాడు. "మందిని నవ్వించుడు వస్తది గద నీకు. ఇయ్యాళ నవ్వియ్యకుంట ఒక్క మాట చెప్పు, చూస్త."

"నీ ఆటో ముచ్చట తెల్వక నోరు జారిన అన్నా. తప్పైంది," అన్నాను. రెండే ముక్కలు. చొక్కా వీపుకు అంటుకుంది.

"నువ్వేం జేస్తవ్ తమ్మీ, ఉన్న మాటే గద," అన్నాడు దడ్వాయి అన్న. క్షమించినట్టు లేదు, ఒప్పుకున్నట్టుంది. అది ఇంకా కష్టంగా తగిలింది.

టీసీ సాబ్ కాంటా స్తంభం ఎడమ చేత్తో పట్టుకున్నాడు. కాళ్ళు ఎడంగా పెట్టాడు. "దడ్వాయి సాబ్, ఒక్కటి అడుగుత. పత్తి టైముల పొద్దుగాల రేటు ఎవరు చెప్తరు?"

"సేట్లు చెప్తరు సారూ."

"వాళ్ళకెవరు చెప్తరు?"

"పైకెళ్ళి ఫోనొస్తది."

"పైన అంటే యాడ?"

"ఏమో. బొంబాయంటరు. నిన్నటి కంటే ఎందుకు తగ్గింది సేటు అంటే, పైకెళ్ళి ఫోనొచ్చింది అంటడు. ఇరవై ఏండ్ల సంది అదే జవాబు."

"ఆ ఫోన్ చేసే కాడ మనుషులే కూసుంటరు గద? వాళ్ళను నేను చూసిన. నా డబ్బాలనే పోయేటోళ్ళు. అడిగిన కూడా, ఏం చదివిన్రు, యాడ చదివిన్రని. నీ బిడ్డకు సీటొచ్చింది గా కాలేజీలనే. నీ ఆటో గుంజుకపోయిన పోరగాండ్లు ఏ కాలేజీ చూడలే. వాళ్ళదీ ఫైనాన్సే, దీనిదీ ఫైనాన్సే. ప్లాట్‌ఫారం మీద చాయ్ అమ్మేటోనిదీ రైల్వేనే, గార్డుదీ రైల్వేనే."

దడ్వాయి అన్న కాంటా వైపు చూస్తూ ఆలోచించాడు. "ఫోనుకు అవుతల మా పిల్ల కూసుంటే, మా రేటు పెంచుతదా?"

నేనైతే ఔననేవాణ్ణి. అంత దూరం పోయింది ఔననడానికే కదా.

"పెంచది," అన్నాడు టీసీ సాబ్. "దాని చేతుల ఉండది. కని ఎందుకు తగ్గిందో నీకు చెప్తది. ఇరవై ఏండ్లల నీకెవరన్న చెప్పిన్రా?"

అప్పుడు తండ్రి మొదటిసారి బిడ్డ వైపు తిరిగాడు. "చదువుతవా?"

"చదువుత నాయినా," అంది. మా ఎదుట ఆమె అన్న మొదటి పూర్తి వాక్యం అది.

నేను ఫోను తీసి సైటు తెరిచాను. ఓటీపీ దడ్వాయి అన్న బటన్ల ఫోనుకు వచ్చింది. "నంబర్ చెప్పన్నా," అన్నాను.

ఆయన ఫోను గుండెకు ఆనించుకున్నాడు. "ఓటీపీ ఎవ్వలికీ చెప్పద్దంటాండ్లు."

"నేనే గదన్నా!"

"నువ్వైతే అసలే చెప్పద్దు," అంది ఆ పిల్ల. అది రెండో వాక్యం.

టీసీ సాబ్ నవ్వుతూ నా ఫోను లాక్కొని ఆయన చేతిలో పెట్టాడు. "కరెక్టే. ఎవ్వలికీ చెప్పకు. నువ్వే కొట్టు."

దడ్వాయి అన్న వేలికి మక్కల దుమ్ము. ఒకసారి నొక్కితే ఫోను పలకలేదు. మెడ మీది తువ్వాలతో వేలు తుడుచుకున్నాడు. ఒక చేతిలో తన ఫోను, ఒక చేతిలో నా ఫోను, తూకం చూసినంత జాగ్రత్తగా ఒక్కొక్క అంకె చూసి కొట్టాడు. చివరి బటన్ కూడా ఆయనే నొక్కాడు. పచ్చ రంగు అక్షరాలు వచ్చాయి. టీసీ సాబ్ పెన్సిల్ తీసి కాగితం కోసం చుట్టూ చూశాడు. ఏదీ కనిపించలేదు. ఎవరిదో మక్కల బస్తా మీద నీలంగా పెద్ద టిక్కు కొట్టాడు. ఆ బస్తా ఏ ఊరు పోయిందో, కొన్నవాడు ఆ గుర్తుకు ఏమని అర్థం చెప్పుకున్నాడో నాకు తెలియదు.

తిరుగు బండిలో ఆయన కూర్చున్నాడు. కిటికీ పక్కన, కాళ్ళు చాపుకొని, నోరు తెరిచి నిద్రపోయాడు. కాజీపేట వస్తే నేనే లేపాల్సి వచ్చింది.

పోయిన వారం దడ్వాయి అన్న ఆయనకు చెప్పడానికి తెచ్చిన కబురు నాకే చెప్పాడు. బిడ్డకు బొంబాయిలో ఒక పెద్ద బ్యాంకులో నౌకరి వచ్చింది. సముద్రం కనిపించే ఆఫీసట. చదివిన మూడేళ్ళూ పొద్దున్నే తండ్రికి ఫోను చేసేదట, ఏ దేశంలో వానలు పడ్డాయి, ఎవరు పత్తి కొంటున్నారు, ఎవరు ఆపారు అని. చెబుతూ చెబుతూ ఆయన మళ్ళీ షట్టరు పక్క జాగా చూశాడు. కంకులు ఎవరికియ్యాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు.

మొహం మారితే నా నాలుక ఆగదని చెప్పాను కదా. "అయితే అన్నా, ఇప్పుడు ఫోనుకు అవుతల మన పిల్లనే కూసున్నది. ఇగ రేటు పెరిగినట్టేనా?" అన్నాను.

ఆయన నాలుగు కంకులూ నా జిరాక్సు మిషను మూత మీద వరసగా పెట్టాడు.

"పెరగలే తమ్మీ. కని ఎందుకు పెరగలేదో ఇప్పుడు సేటుకు నేనే చెప్తాన."